పంతొమ్మిదో దిమ్మ

ఫిబ్రవరి 6

మామయ్యగారికి నమస్కారాలు.

నా ఉత్తరం చూసి కంగారు పడకండి, ఇద్దరం బాగున్నాం. ఫోన్‌లో మీకు సగం మాటలే వినపడతాయనీ, మిగతా సగం మీరే ఊహించుకుని జవాబులు చెబుతారనీ మీ అబ్బాయి అంటాడు. చిన్న తెర మీద అక్షరాలు మీకు ఆనవు. అందుకే కాగితం తీసుకున్నాను.

ఒక సంగతి నాలుగు నెలలుగా మా ఇంట్లో నలుగుతోంది. "నాన్నకి నేను మెల్లగా చెబుతాలే" అంటూనే ఉన్నాడు మీ అబ్బాయి. ఆయన మెల్లగా అంటే ఎంత మెల్లగానో మీకు తెలుసు. కాబట్టి నేనే చెబుతున్నాను. మీరు ఇరవై ఏళ్ళు పనిచేసిన భూగర్భ ప్రయోగశాలను విప్పేస్తున్నారు. ఆ విప్పే పనికి నన్ను ఇంజనీరుగా వేశారు.

అరవై మీటర్ల లోతున, మీరు క్రేన్ మీద కూర్చుని ఒక్కొక్కటిగా దించిన కాంక్రీట్ దిమ్మలు వరసలు వరసలుగా అలాగే ఉన్నాయి. వాటి కింద, కణాల ధార వచ్చి తాకిన బొగ్గు కడ్డీల పెట్టె కూడా ఉంది. యంత్రం ఆపేసి పదమూడేళ్ళైనా ఆ పెట్టెలోంచి రేడియేషన్ వస్తూనే ఉంది. ముందు దిమ్మలు తీయాలి. తర్వాత ఆ పెట్టెను సీసపు తొడుగులో పెట్టి పైకి తేవాలి. ఆపైన గోడలు గీకి, కడిగి, హాలును కొత్త ప్రయోగం వాళ్ళ చేతికి ఇవ్వాలి. అంత లోతున మళ్ళీ తవ్వడం అయ్యే పని కాదు, ఉన్నదే ఖాళీ చేసి ఇమ్మంటున్నారు. మనిషి లోపల ఉండగలిగేది కొద్ది నిమిషాలే. రేడియేషన్ కొలిచే బిళ్ళ ఛాతీకి తగిలించుకుని దిగుతాం. అది కూసిందంటే చేతిలో పని చేతిలోనే వదిలి వచ్చేయాలి.

మీతో ఒక పని పడింది. పాత పటాల్లో దిమ్మలు నలభై ఆరు. కెమెరా పంపి లెక్కపెడితే నలభై ఆరే ఉన్నాయి. సగం అంకెలు చెరిగిపోయాయి. కానీ మూడో వరసలో ఒకదాని మీద మాత్రం నల్ల రంగుతో 61 అని నిక్షేపంగా ఉంది. అరవై ఒకటో దిమ్మ ఎక్కడి నుంచి వచ్చింది? వాటిని దించినవాళ్ళలో ఇప్పుడు మాకు దొరికేది మీరొక్కరే. గుర్తున్నది ఏదైనా సరే రాయండి.

మందులు వేళకి వేసుకుంటున్నారా? ఈ ప్రశ్న మీ అబ్బాయిది, నాది కాదు. నేను మిమ్మల్ని నమ్ముతాను.

మీ కోడలు


ఫిబ్రవరి 15

అమ్మాయికి ఆశీస్సులు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి నిలబడి, తర్వాత కూర్చుని. మందులు వేసుకుంటున్నానని వాడికి చెప్పు.

నీకు ఆ పని ఇచ్చినందుకు సంతోషం. నిజంగానే. నువ్వు మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు తలుపు కిర్రుమంటోందని సంచిలోంచి స్క్రూడ్రైవర్ తీశావు. అప్పుడే మీ అత్తయ్య నా వైపు చూసి, "నీకు తోడు దొరికింది" అంది. ఆవిడ పోయి ఆరేళ్ళైంది గానీ ఆ తలుపు ఇప్పటికీ చప్పుడు చేయదు. లేదా నాకు వినపడదు.

క్రేన్ గురించి చెప్పాలంటే, దాని మోటారు మంచిదే గానీ మొండిది. ఎడమకి తిప్పేముందు ఒక్క క్షణం ఆగాలి. ఆగకుండా తిప్పితే బరువు ఊగుతుంది. ఊగిన బరువును ఆపాలని వెంటనే వెనక్కి తిప్పకూడదు. దాని దారిన దాన్ని రెండు ఊపులు ఊగనివ్వాలి. ఇప్పుడు మీరు పైన గదిలో కూర్చుని తెర చూస్తూ నడుపుతారట కదా. చేతికి బరువు తెలియకుండా ఎలా నడుపుతారో నాకు ఊహకు అందడం లేదు.

ఇక్కడ నాకు తీరిక లేదు. వీధిలో ఉన్న కుట్టుమిషన్లన్నీ నా దగ్గరికే వస్తున్నాయి. ఆదివారాలు బక్కాయన ఇంటికి వెళ్తాను. బక్కాయన నీకు తెలుసు, మీ పెళ్ళిలో కుంటుకుంటూ అందరికీ కుర్చీలు వేసిన మనిషి. నేను పైన క్రేన్ నడుపుతుంటే కింద నిలబడి దిమ్మలకు కొక్కేలు తగిలించింది ఆయనే. పోయి మూడేళ్ళైంది. వాళ్ళావిడను నేను వదిన అంటాను. వారానికొక వస్తువు పాడైందని ఆవిడ నా ముందు పెడుతుంది, నేను బాగుచేస్తాను. వాటిలో కొన్ని పాడవలేదని నా అనుమానం.

ఆ 61 సంగతి నాకు గుర్తు లేదు. పెయింటరు ఎవరో పరధ్యానంలో వేసి ఉంటాడు. దాని జోలికి ముందే పోకండి. ఆఖరున చూసుకోవచ్చు.

నీ మామయ్య


మార్చి 2

మామయ్యగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం మీ అబ్బాయికి చదివి వినిపించాను. చివర రెండు వాక్యాలు విని, "నాన్న నొచ్చుకున్నాడు" అన్నాడు. "ఏం రాయాలో తోచకపోతే ఇంత పొట్టిగా రాస్తాడు. ఆయన దించినవాటిని నువ్వు పైకి తీస్తున్నావు కదా."

నాకది తట్టనే లేదు. క్షమించండి. పనిలో పడి, ఇంకెవరినో అడిగినట్టు మిమ్మల్ని అడిగాను. మీరు ఇరవై ఏళ్ళు చేసినదాన్ని మేం చెత్త ఎత్తిపోస్తున్నట్టు ఎత్తిపోయడం లేదు. ప్రతి దిమ్మనూ తూచి, కొలిచి, దాని పుట్టుపూర్వోత్తరాలు రాసి పెడుతున్నాం. పైన షెడ్డులో చెక్కతో అచ్చం అలాంటి హాలే కట్టించాను. చెక్క దిమ్మలు, అట్టపెట్టెతో చేసిన కడ్డీల పెట్టె, అన్నీ ఉన్నాయి. స్టాప్‌వాచ్ పట్టుకుని రోజుకు ఎనిమిది సార్లు నాటకం ఆడినట్టు ఆడిస్తున్నాను. కొక్కెం తగిలించి వెనక్కి రావడానికి మొదట్లో ఇరవై రెండు నిమిషాలు పట్టేది, ఇప్పుడు పద్నాలుగు. మా జట్టులో ఒక పొడుగాయన ఉన్నాడు. వంగి దూరాల్సిన చోటల్లా తల కొట్టుకుంటాడు, అయినా అందరికంటే వేగం ఆయనే.

61 గుట్టు కూడా ఆయనే విప్పాడు. ఫోటో బల్ల మీద పడి ఉంటే అటుపక్క నుంచి వస్తూ చూసి, "ఇది పంతొమ్మిది కదా" అన్నాడు. తలకిందులుగా ఉన్న 19ని మేమందరం నెలరోజులుగా 61 అని చదువుతున్నాం! ఒక్క దిమ్మనే ఎందుకు తిరగేసి దించారో మాకు తెలియలేదు గానీ, పైన కొక్కెం తగిలించే రెండు రింగులు గట్టిగానే కనిపిస్తున్నాయి. అందుకని ఆఖరిదాకా ఆగక్కర్లేదనుకున్నాం. ఈ నెల ఇరవై రెండున మూడో వరస మొదలుపెడతాం. గుర్తు రాకపోతే పరవాలేదు, మీరు ఆలోచించి అలిసిపోకండి.

నేను మాత్రం దిగను. నన్ను ఇక కిందికి దిగొద్దని నిన్న డాక్టరు గట్టిగా చెప్పారు. పొద్దున్నే తల తిరగడం, ఏం తిన్నా నిలవకపోవడం. నా బదులు పొడుగాయన వెళ్తాడు. ఈ సంగతులన్నీ మీ అబ్బాయి మీకు చెప్పే ఉంటాడు. కాబట్టి ఎక్కువ రాయను. ఇంత దాకా వచ్చి పైనే ఉండిపోవాల్సి రావడం కొంచెం కష్టంగా ఉంది, అంతే.

మీ కోడలు


మార్చి 11

అమ్మా,

నిన్న మందుల దుకాణం నుంచి నీ ఆఫీసుకు ఫోన్ చేసింది నేనే. నువ్వు ఏమన్నావో నాకు ఒక్క ముక్క వినపడలేదు. గొంతు నీదని మాత్రం తెలిసింది. అందుకే నేను చెప్పాల్సిందే మూడుసార్లు చెప్పి పెట్టేశాను. నీకు సరిగ్గా అందిందో లేదో అని మళ్ళీ రాస్తున్నాను. పంతొమ్మిదో దిమ్మను ఆ రింగులు పట్టి ఎత్తొద్దు. అవి బరువు మోయవు.

నువ్వు అడిగినప్పుడు గుర్తు లేదన్నాను. అబద్ధం. అది గుర్తు రాని రోజు లేదు.

మీ ఆయన పుట్టిన రోజది. పెళ్ళైన పదకొండేళ్ళకు మీ అత్తయ్య కడుపు పండింది. పొద్దున్నే నొప్పులు మొదలైతే ఆస్పత్రిలో దింపి నేను పనికి వచ్చాను. ఆ రోజు ఆరు దిమ్మలు దించాలి, క్రేన్ నడిపేవాణ్ణి నేనొక్కణ్ణే. మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్ళారు. ఇంకొకటి దించేసి పోదామని నేనూ బక్కాయనా ఉండిపోయాం. దిమ్మ గాలిలో ఉండగా క్యాబిన్‌లో ఫోన్ మోగింది. కొడుకు పుట్టాడనీ, తల్లీబిడ్డా క్షేమమనీ చెప్పారు. ఫోన్ పెట్టేసి వెంటనే లివర్ తిప్పాను. ఎడమకి తిప్పేముందు ఆగాలని నీకు రాశాను కదా, ఆ రోజు ఆగింది లేదు. దిమ్మ ఊగింది. నేను గాభరాగా వెనక్కి తిప్పాను. ఏడు టన్నుల బరువు వాలిపోయి దాని పైకొస గోడను కొట్టుకుంది. రెండు రింగుల్లో ఒకటి ఊడింది. అక్కడి నుంచి లోపలికి పగులు పాకింది. విరిగిన పెచ్చు వెళ్ళి బక్కాయన చీలమండ మీద పడింది.

నేను కిందికి దిగి వచ్చేసరికి ఆయన నేల మీద కూర్చుని బూటు విప్పుకుంటున్నాడు. నేను ఫోర్‌మన్‌ని పిలుస్తానన్నాను. నా చొక్కా పట్టుకుని లాగాడు. "పదకొండేళ్ళకు నీకు కొడుకు పుట్టాడు. ఈ రోజు నీ ఉద్యోగం పోకూడదు" అన్నాడు. ఆ కాలుతోనే నిలబడి చెప్పాడు ఏం చేయాలో. బెల్టులు కట్టి దిమ్మను తిరగేశాం. పగిలిన కొస కిందికి పోయింది. అడుగు భాగం పైకి వచ్చింది. దాంట్లో రెండు బెజ్జాలు వేసి, రింగులు పెట్టి, నిమిషాల్లో గట్టిపడే సిమెంటుతో బిగించాం. ఆ భాగంలో లోపల ఇనప ఊచలు లేవమ్మా. ఒక్కసారి దించడానికి సరిపోతుందని పెట్టాం. "మళ్ళీ దాన్ని ఎత్తేదెవరు?" అన్నాడు ఆయన.

సాయంత్రం ఇంటికి వెళ్ళి, మెట్ల మీద జారిపడ్డానని చెప్పుకున్నాడు. బతికినన్నాళ్ళూ అదే చెప్పుకున్నాడు, కుంటుతూనే బతికాడు. అందరూ నవ్వుతూ, "సొంతింటి మెట్లు దిగడం రాని మనిషి" అనేవాళ్ళు. నేనూ అక్కడే ఉండేవాణ్ణి.

డాక్టరు నిన్ను దిగొద్దన్నాడని చదివిన దగ్గర్నుంచి నాకు అన్నం సహించడం లేదు. తల తిరగడం, తిన్నది నిలవకపోవడం, అవి ఏ గుర్తులో నాకు తెలియదా? మాకు క్లాసులు పెట్టి మరీ చెప్పారు. ఆ దిమ్మ ఎందుకు తిరగబడిందా అని చూడడానికి నువ్వు ఎన్నిసార్లు దగ్గరికి వెళ్ళావో, ఎన్ని నిమిషాలు ఎక్కువ నిలబడ్డావో. నేను మొదటి ఉత్తరంలోనే చెప్పి ఉంటే ఆ అవసరమే ఉండేది కాదు. వాడు నాకు ఏమీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో కూడా నాకు అర్థమైంది. నిజం రాయి తల్లీ. ఎంత తగిలింది? ఏమంటున్నారు?

మామయ్య


మార్చి 16

మామయ్యగారూ,

ముందు ఇది చదవండి, మిగతాది తర్వాత. నాకు రేడియేషన్ తగలలేదు. నేను గర్భవతిని. మూడో నెల.

కడుపుతో ఉన్నవాళ్ళను కిందికి దిగనివ్వరు. అది నియమం. డాక్టరు అన్నది అదే. మీకు చెప్పావా అని మీ అబ్బాయిని అడిగితే, లేదట. ఉత్తరంలో నేను రాస్తానని అనుకున్నాడట. ఆయన చెప్పి ఉంటాడని నేను రాయలేదు. మీ ఉత్తరం చూపిస్తే మొహం పాలిపోయింది. మీకు ఫోన్ చేయబోయి, ఏం లాభమని ఆగి, ఒకే పేరాను నాలుగు రకాలుగా రాసి చింపేశాడు. చివరికి "నువ్వే రాయి" అన్నాడు. మళ్ళీ అదే.

మీరు ఫోన్ చేసినప్పుడు నేను అరిచి మరీ చెప్పాను, బాగున్నానని. ఆఫీసులో అందరూ విన్నారు, మీరు తప్ప. కానీ మీ మాట మాకు స్పష్టంగా అందింది. అదే రోజు మూడో వరస ఆపించాను. మూడు రోజుల తర్వాత పొడవాటి కడ్డీ చివర కొక్కెం పెట్టి, దూరం నుంచి ఆ రింగును కొద్దిగా లాగించాం. పాలపన్ను ఊడినట్టు ఊడి వచ్చింది.  ఆ దిమ్మ కింద ఉన్నది కడ్డీల పెట్టె. ఇరవై రెండున ఏం జరిగేదో నేను రాయను, మీకు నాకంటే బాగా తెలుసు. పొడుగాయన లేచి బయటికి వెళ్ళి కాసేపు వరండాలో నిలబడి వచ్చాడు. ఆయనకు ఇద్దరు ఆడపిల్లలు.

ఒక మాట అనకుండా ఉండలేను. నేను అడిగిన రోజే మీరు చెప్పాల్సింది. నాకు కోపం వచ్చింది. రెండు రోజులు ఉంది. తర్వాత మీరు దుకాణంలో నిలబడి, అవతల ఏమీ వినపడకపోయినా అదే మాట మూడుసార్లు చెప్పడం తలుచుకుంటే, ఆ కోపం ఎటు పోయిందో తెలియలేదు.

దిమ్మ సంగతి రిపోర్టులో రాయక తప్పదు. కానీ మీరు భయపడకండి. "ఒక పాత ఉద్యోగి ఇచ్చిన సమాచారం" అని మాత్రం రాస్తాను. మీరెవరో, ఆ రోజు ఏం జరిగిందో ఎవరికీ తెలియనవసరం లేదు. పాత సంగతి, పోయిన మనిషి. ఇప్పుడు తవ్వుకుని ఏం చేస్తాం?

అన్నం తినండి.

మీ కోడలు


మార్చి 24

తల్లీ,

మూడో నెల అన్న ముక్క దగ్గర ఆగిపోయి చాలాసేపు కిందికి చదవలేదు. తర్వాత వెళ్ళి మందుల దుకాణం ఆయనకు చెప్పాను. కుట్టుమిషను తెచ్చిన ఆవిడకు చెప్పాను. వీధి చివర చెప్పులు కుట్టే ఆయనకు చెబితే, పొద్దున్నే చెప్పారు కదా అన్నాడు. నాకు చెవుడు కాబట్టి గట్టిగా చెబుతాను, కాబట్టి ఈపాటికి ఊరందరికీ తెలిసే ఉంటుంది. అన్నం రెండు పూటలా తింటున్నాను.

నీ కోపం న్యాయమైనది. పొడుగాయన ఆడపిల్లల గురించి చదివాక నాకు నేనే మొహం చూపించుకోలేకపోయాను.

అయితే నీ ఉత్తరం చివర మాత్రం నాకు నచ్చలేదు. "మీరెవరో ఎవరికీ తెలియనవసరం లేదు" అన్నావు. అంటే నన్ను తీసి ఒక పక్కన పెట్టేశావా? మీ అత్తయ్య ఉంటే ఇలా రాసేదానివి కాదు. నేను చేసింది తప్పే. కానీ చేసిందాంట్లోంచి నన్నే తీసేస్తే ఇంకేం మిగులుతుంది?

ఇది రాసి రెండు రోజులు బల్ల మీద ఉంచాను. మళ్ళీ చదువుకుంటే, నువ్వు నన్ను కాపాడాలనుకున్నావని అర్థమైంది. చించేసి ఇంకోటి రాద్దామనుకున్నాను. వద్దులే, నీతో ఇక ఏదీ దాచను. అలాగే పంపుతున్నాను.

నేను నిన్ను అడిగేది ఒకటే. రిపోర్టులో ఉన్నదున్నట్టు రాయి. దిమ్మను కొట్టింది క్రేన్ నడిపినవాడు, అంటే నేను. కింద ఉన్న మనిషిది తప్పేమీ లేదు. ఆయన కాలు విరిగింది ఇంటి మెట్ల మీద కాదు, అక్కడ, పనిలో. ఇది ఎక్కడో ఒకచోట అచ్చులో ఉండాలి. ముప్పై ఏళ్ళు ఆ అబద్ధాన్ని ఆయన నోటితో మోశాడు.

వదినకు నేనే చెప్పాలి. రెండు ఆదివారాలుగా వాయిదా వేస్తున్నాను. మొన్న చెప్పడానికే వెళ్ళి, ఏమీ పాడవని ఫ్యాను విప్పి మళ్ళీ బిగించి వచ్చాను.

నువ్వు మెట్లు నెమ్మదిగా దిగు. బరువులు ఎత్తకు. వాడిచేత ఎత్తించు.

మామయ్య


ఏప్రిల్ 19

మామయ్యగారికి,

పంతొమ్మిదో దిమ్మ బయటికి వచ్చింది.

నెల పట్టింది. ముందు దానికి రెండు పక్కలా ఉన్నవి తీసేశాం. ఇనుముతో ఒక పంజరం చేయించి, అడుగు నుంచి నాలుగు వేళ్ళు పట్టుకున్నట్టు పట్టుకునేలా అమర్చాం. పగులు ఎంత లోతుందో తెలియదు కాబట్టి చుట్టూ బిగించే పట్టీలు కూడా పెట్టాం. షెడ్డులో చెక్క దిమ్మతో నూట పది సార్లు చేశారు. మొన్న మంగళవారం పొడుగాయన, ఇంకొకరు దిగారు. పంజరం తొడిగి, పట్టీలు బిగించి, పదకొండు నిమిషాల్లో బయటికి వచ్చేశారు. బిళ్ళలు కూయలేదు. పొడుగాయన తల మాత్రం మామూలుగానే కొట్టుకున్నాడు.

తర్వాత క్రేన్. నడిపేది ఒక అమ్మాయి, నాకంటే చిన్నది. మీరు రాసిన వాక్యాలు కాగితం మీద రాసి ఆమె తెర పక్కన అతికించాను. ఎడమకి తిప్పేముందు ఒక్క క్షణం ఆగాలి. ఊగితే రెండు ఊపులు ఊగనివ్వాలి. ఒకసారి ఊగింది కూడా. ఆమె చేతులు లివర్ మీద నుంచి తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. రెండు ఊపులు. ఆగింది. నా జీవితంలో అంత పొడుగు రెండు ఊపులు చూడలేదు. 

కడ్డీల పెట్టె వచ్చే వారం. అది తేలికైన పనే, దారి ఖాళీ అయింది కదా. హాలు మధ్యలో నిలబడి మాట్లాడితే మాట తిరిగి వస్తోందని దిగి వచ్చినవాళ్ళు అంటున్నారు. కొత్త ప్రయోగం వాళ్ళు అప్పుడే టేపులు పట్టుకుని పటాల మీద కొలతలు వేస్తున్నారు. వాళ్ళ యంత్రం పాతదానిలో పదో వంతు కూడా ఉండదట. మిగతా చోట ఏం పెట్టాలని వాళ్ళలో వాళ్ళకే తగువు.

మీ గురించి మీరన్నది నిజం. మిమ్మల్ని దాచాలనుకోవడం నా పొరపాటు. రిపోర్టు మార్చి రాశాను. పై అధికారి చదివి, ముప్పై మూడేళ్ళ నాటి సంగతి ఇంత వివరంగా అవసరమా అన్నారు. అవసరమే అన్నాను. సంతకం పెట్టారు. ఆ పేజీ నకలు ఇందులో పెడుతున్నాను. బక్కాయన గురించి ఉన్నది కింది నుంచి నాలుగో పంక్తిలో.

మీ అబ్బాయికి ఆ రోజు సంగతి చెప్పాను. నా వల్లనా అన్నాడు. కాదు, నువ్వు పుట్టిన సంతోషం వల్ల అన్నాను. అప్పటి నుంచి ఆలోచిస్తున్నాడు. పంపడానికి ఇప్పటికి రెండు పేరాలు తయారయ్యాయి, చూద్దాం.

మీ కోడలు


మే 3

తల్లీ,

ఈ ఆదివారం చెప్పేశాను.

నువ్వు పంపిన కాగితం పట్టుకుని వెళ్ళాను. వదిన ఉతికిన బట్టలు మడతలు పెడుతోంది. కళ్ళజోడు కనపడటం లేదు, నువ్వే చదువు అంది. నేను చదివాను. నేను చదివితే ఎలా ఉంటుందో తెలుసు కదా, పక్కింటివాళ్ళు కిటికీ దగ్గరికి వచ్చారు. "కింద పనిచేస్తున్న ఉద్యోగి చీలమండకు విరిగిన ముక్క తగిలి శాశ్వతంగా గాయమైంది. ఆయన తప్పు ఏమీ లేదు" అన్న చోట, మళ్ళీ చదవమని చేత్తో సైగ చేసింది. మళ్ళీ చదివాను. మూడోసారి కూడా.

చేతిలో ఉన్న దుప్పటి మడతే మళ్ళీ మళ్ళీ సరిచేసింది. నన్ను తిడుతుందని ఎదురుచూశాను. తిట్టి ఉంటే బాగుండేది. తర్వాత నా చెవి దగ్గరికి వచ్చి చెప్పింది. ఆ ఇల్లు కట్టింది ఆవిడ తమ్ముడు, తాపీమేస్త్రి. కాలు విరిగిన రోజు వదిన ఏడుస్తూ ఆయన ఇంటికి వెళ్ళి, పదిమందిలో, నీ మెట్లు నా మొగుణ్ణి కుంటివాణ్ణి చేశాయని అన్నదట. ఆయన మారు మాట్లాడకుండా మర్నాడే వచ్చి, ఆ మెట్టు పగలగొట్టి మళ్ళీ కట్టి వెళ్ళాడు. ఆ తర్వాత ఇంకెవరి ఇంటికీ మెట్లు కట్టలేదు. గోడలు మాత్రం కడతానని చెప్పేవాడట. అక్క గుమ్మం కూడా తొక్కలేదు. ముప్పై మూడేళ్ళలో పెళ్ళిళ్ళలోనో చావుల్లోనో ఎదురుపడటమే, అదీ రెండు ముక్కలు.

ఇది నాకు తెలియదమ్మా. బక్కాయనకు తెలుసు. రోజూ చూస్తూ, నా కోసం నోరు మూసుకున్నాడు. ఆయన నాకు చేసింది ఎంతో ఆయన పోయిన మూడేళ్ళకు నాకు తెలిసింది.

వదిన చెప్పులు వేసుకుని, "పద" అంది.

నాలుగు వీధులు నడిచాం. ఆవిడ ముందు, నేను వెనక. మేస్త్రి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. డెబ్బై దాటాయి, చేతులు మాత్రం ఇప్పటికీ ఇటుకల్లా ఉన్నాయి. అక్కను చూసి లేచి నిలబడ్డాడు. ఆవిడ ఏదో చెప్పింది, మెల్లగా, తల దించుకుని. నాకు వినపడలేదు. ఆయన మొహం మాత్రం చూశాను. ఆవిడ చేతిలోంచి కాగితం తీసుకుని చదివాడు. నా వైపు చూశాడు. నేను చేతులు జోడించాను. ఆయన వచ్చి నా చేతులు కిందికి దించి, చెవిలో గట్టిగా చెప్పాడు.

"ఆ మెట్టు ఏడంగుళాలు. కట్టేటప్పుడు కొలిచాను. పగలగొట్టే ముందు మళ్ళీ కొలిచాను. సరిగ్గా ఉంది."

"సరిగ్గా ఉంటే ఎందుకు పగలగొట్టావు?" అన్నాను.

"అక్క ఏడుస్తోంది కదా" అన్నాడు.

నేను వాళ్ళిద్దరినీ అరుగు మీద వదిలి వచ్చేశాను.

మామయ్య